కంట్రోల్ మంద

పరిశోధనలో చేరబోయే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. రిటైరైన మనిషికి తీరిక ఉంటుందని ఎవరో చెప్పి పంపిస్తారు. సినాప్సిస్ నా చేతిలో పెట్టి, ఎట్లా ఉంది మేడం అని అడుగుతారు. తీరిక ఉన్న మాట నిజమే గానీ, దానితోపాటు కోపం కూడా పెరిగింది. వాళ్ల కాగితాల్లో "కంట్రోల్ గ్రూప్" అన్న మాట కనబడితే నేను కళ్లద్దాలు తీసి పక్కన పెట్టి, "దీన్ని మీ ఇంట్లో ఏమని చెప్తావు?" అని అడుగుతాను. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముసలామెకు చాదస్తం అనుకుంటారు. అనుకుంటే అనుకోండి గానీ, ఆ చాదస్తం నాకు ఎక్కడ అంటుకుందో ఒకసారి చదవండి.

మాది రాజధానిలో ఉండే పేరున్న యూనివర్సిటీ కాదు. జిల్లాలో, ఊరవతల, రాళ్లగుట్టల పక్కన ఎవరికీ పనికిరాని జాగా ఇస్తే అందులో కట్టింది. ఎండాకాలం క్లాసులో కూర్చుంటే పెనం మీద కూర్చున్నట్టే ఉండేది. రాష్ట్రం వచ్చిన కొత్తలో ఇక పోస్టులన్నీ నిండుతాయని, ల్యాబులకు సామాన్లు వస్తాయని అందరం నమ్మాం. మా జంతుశాస్త్ర విభాగంలో పర్మినెంటు వాళ్లం ఇద్దరమే, హెడ్డుగా నేనూ, నా తరవాత చేరిన ఒక సహోద్యోగీ. మిగతా అందరూ కాంట్రాక్టు వాళ్లు. పాఠాలు వాళ్లు చెప్పేవాళ్లు, సంతకాలు మేం పెట్టేవాళ్లం. వాళ్లలో మాకంటే బాగా చెప్పేవాళ్లు ఉన్నారు, అయినా పీహెచ్‌డీ పిల్లలకు గైడుగా ఉండే అర్హత మా ఇద్దరికే ఉండేది. ఇప్పటికీ అక్కడ అదే నడుస్తోందని విన్నాను.

నా సహోద్యోగి మంచివాడే. ఈ మాట ముందే చెప్తున్నాను, ఎందుకంటే చివరిదాకా చదివాక మీరు ఆయన్ని తిట్టుకోవచ్చు. రోజూ హైదరాబాదు నుంచి బస్సులో వచ్చిపోయేవాడు. పేపర్లు అచ్చు కావాలని పిచ్చి. ఇంత ఎండలో, ఇన్ని ఖాళీ కుర్చీల నడుమ ఒకడన్నా ఆ పిచ్చితో ఉన్నాడని నాకు లోపల సంతోషంగానే ఉండేది.

ఆయన దగ్గర చేరిన పిల్లవాడిది దేవరకొండ దాటాక ఒక పల్లె. గొర్ల కాపరుల ఇల్లు. సన్నగా, పొడుగ్గా, మాట తక్కువగా ఉండేవాడు. ఆ ఇంట్లో బడి మెట్లెక్కిన మొదటివాడు. హాస్టల్లో అందరూ వాణ్ని "గొర్ల డాక్టర్" అనేవాళ్లు. మొదట్లో అది ఎక్కిరింతే, తరవాత తరవాత బిరుదైంది. రక్తం తక్కువైన గొర్రెను కంటి కింది రెప్ప లాగి చూసి పట్టేస్తారు కాపరులు. వాడు మెస్సులో ఆ విద్యను తోటి పిల్లల మీద ప్రయోగించేవాడు. రెప్ప లాగి చూసి, "నీకు రక్తం లేదు, గుడ్లు తిను" అనేవాడు. మెస్సులో గుడ్డు వారానికోసారి పెడితే గొప్ప. అందుకని అందరూ పడి నవ్వేవాళ్లు.

వాడి పరిశోధన నట్టల మీద. నట్టలంటే గొర్ల కడుపులో పడే పురుగులు. అందులో ఒక జాతి దారంలాగా సన్నగా ఉండి రక్తం తాగుతుంది. వానాకాలం పచ్చిగడ్డితో లోపలికి పోతుంది. నట్టల మందు తాపితే చస్తుంది, తాపకపోతే గొర్రె దవడ కింద నీరు దిగి, కాళ్లు తేలిపోయి పడిపోతుంది. ఇంతమాత్రం తెలిస్తే మీకు చాలు. ఆ మందుకు పురుగులు అలవాటు పడిపోతున్నాయా అన్నది మా సహోద్యోగి ప్రశ్న. మంచి ప్రశ్నే. దానికోసం క్రమం తప్పకుండా మందు తాపే మందలు కొన్ని, అసలు తాపని మంద ఒకటి కావాలి.

పరిశోధన కమిటీలో బయటినుంచి వచ్చిన నిపుణుడు సినాప్సిస్ తిరగేసి, "అంతా బాగుంది, కంట్రోల్ ఏది?" అన్నాడు. గైడ్ నీళ్లు నమిలాడు. ఊరూరా అడిగి చూశారు, మందు తాపకుండా ఉంచడానికి ఒక్క కాపరి ఒప్పుకోలేదు. ఎందుకు ఒప్పుకుంటారు? వాళ్లకేమన్నా మతి తప్పిందా? అప్పుడు మూలన నిలబడ్డ పిల్లవాడు మెల్లగా, "మా నాయిన ఒప్పుకుంటడు సార్" అన్నాడు. కమిటీ మొత్తానికి ప్రాణం లేచొచ్చింది. "కంట్రోల్ ఇంట్లనే దొరికె" అని ఎవరో నవ్వారు. టీ, బిస్కెట్లు వచ్చాయి. సినాప్సిస్ పాసైంది.

వాడు ఇంటికి పోయి తండ్రికి ఏం చెప్పాడో నాకు తరవాత వాడే చెప్పాడు. "మన మందను కంట్రోల్ల పెట్టిండ్రు నాయిన. నేను చెప్పేదాంక మందు తాపొద్దు, అమ్మొద్దు, వేరే మందల కలపొద్దు." అంతే చెప్పాడు. తండ్రి ఎదురు ప్రశ్న వెయ్యలేదు. గొర్ల చెవులకు పసుపుపచ్చ బిళ్లలు వేశారు. ఆ ఏడాదే ఊళ్లో కాపరులకు సబ్సిడీ మీద సర్కారు గొర్లు వచ్చి ఉన్నాయి. వాటి చెవులకూ బిళ్లలే. వాటిని అమ్మకూడదని అధికారులు మరీమరీ చెప్పి పోయారు. అంచేత ఆ ఊళ్లో చెవికి బిళ్ల ఉందంటే అది సర్కారు లెక్కలో ఉన్న జీవమనే అర్థం.

కొన్నాళ్లకు మా సహోద్యోగి టీ తాగుతూ ఒక ముచ్చట చెప్పాడు. "మేడం, వాళ్ల నాయిన ఊరంత తిరిగి మావి కంట్రోల్ గొర్లు, కంట్రోల్ గొర్లు అని చెప్పుకుంటుండట. ఎంత గర్వమో చూడండి." స్టాఫ్‌రూమంతా నవ్వింది. ఒక గొర్ల కాపరి నోట శాస్త్రం మాట వచ్చిందని మురిసిపోయాం.

ఇప్పుడు ఆ మాట గురించి రెండు ముక్కలు చెప్పాలి. మా వైపు కంట్రోల్ అంటే రేషన్ దుకాణం. కంట్రోల్ బియ్యం, కంట్రోల్ చక్కెర, కంట్రోల్ గ్యాసునూనె, అదే కిరోసిన్. ఆ స్టాఫ్‌రూములో ఉన్నవాళ్లలో చిన్నప్పుడు కంట్రోల్ బియ్యం తినని మనిషి లేడు. సంచి పట్టుకుని ఆ దుకాణం ముందర నిలబడనివాడు లేడు. ఇంట్లో ఆ మాటను ఒక అర్థంతో వాడి, బస్సు దిగి డిపార్ట్‌మెంటు మెట్లెక్కగానే ఇంకో అర్థంతో వాడేవాళ్లం. రెండూ ఒకే మాటని ఎవరి బుర్రకూ తట్టలేదు. చదువు మనిషికి చేసే పనుల్లో ఇదొకటి. చదువుకోనివాడు ఈ తప్పు చెయ్యలేడు.

తరవాతి ఏడాది వానలు దంచికొట్టాయి. మా గుట్టల నేలకు అన్ని వానలు అలవాటు లేదు. ఏళ్ల తరబడి ఎండిన చెరువులు అలుగులు పారాయి, మోకాలెత్తు గడ్డి మొలిచింది. అందరూ సంబరపడ్డారు. పిల్లవాడు అప్పుడు హైదరాబాదులో ఒక ల్యాబులో ఏదో కొత్త పద్ధతి నేర్చుకుంటున్నాడు. వాగులు పొంగి దారి తెగిందని గైడ్ ఆ నెల పెంటికల శాంపిళ్లు తీసే పని వాయిదా వేశాడు. పిల్లవాడు ఫోన్ చేసి అడిగితే తండ్రి, "మంచిగనె ఉన్నయి. నువ్వు గొర్ల ఫికర్ పెట్టుకోకు, సదువుకో" అన్నాడట.

మా దగ్గర కాంట్రాక్టు మీద పనిచేసే ఒక అమ్మాయి ఉండేది. పిల్లవాడి పక్క ఊరే. ఒకరోజు పొద్దున బస్సు దిగి తిన్నగా నా గదిలోకి వచ్చింది.

"మేడం, మన గొర్ల డాక్టర్ వాళ్ల మంద పడుతుందట. బస్సుల అందరు గదే ముచ్చట."

"మందు తాపలేదా?"

"తాపుత లేడట. ఎవలు చెప్పినా ఇంటలేడట. కంట్రోల్ల ఉన్నయి, నేను ముట్టుకోవద్దు అంటుండట."

నేను గైడ్‌కు ఫోన్ చేద్దామని లేచాను. ఆ అమ్మాయి గుమ్మం దగ్గర ఆగిపోయింది. "మేడం, ఆయన అనేది మన కంట్రోల్ కాదేమో" అంది. నాకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక కారు తాళాలు తీసుకున్నాను.

నా కారులో బయల్దేరాం, నేనూ గైడూ. మేం కబురు చేస్తే పిల్లవాడు హైదరాబాదు నుంచి వచ్చి దేవరకొండ బస్టాండులో ఎక్కాడు. తండ్రికి ఎన్నిసార్లు చేసినా ఫోన్ కలవలేదట. అప్పటికే మందుల షాపులో నట్టల మందు కొని సంచిలో పెట్టుకున్నాడు. ఊరు దగ్గర పడుతుండగా గైడ్ నా వైపు తిరిగి, "సచ్చిపోయినా తాపొద్దని నేను చెప్పలేదు గద మేడం" అన్నాడు. వెనక సీట్లోంచి పిల్లవాడు, "నేను గూడ చెప్పలేదు సార్" అన్నాడు.

గొర్ల దొడ్డి ఊరి చివర్న ఉంది. వాన వెలిసి ఎండ కాస్తోంది. ముళ్లకంప కంచెకు అవతల చచ్చినవాటిని వరసగా పడుకోబెట్టి ఉంచారు. బతికినవి తలలు వేలాడేసుకుని నిలబడి ఉన్నాయి, ఒక్కోదాని దవడ కింద నీళ్ల తిత్తి వేలాడుతోంది. చెవులకు మా పసుపుపచ్చ బిళ్లలు మాత్రం కొత్తగా మెరుస్తున్నాయి. తండ్రి రాయి మీద కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచి నిలబడి దండం పెట్టాడు. ఆయన మొహంలో నిష్ఠూరం లేదు, అదే నేను తట్టుకోలేకపోయాను. మమ్మల్ని చూసి ఆయనకు ధైర్యం వచ్చింది.

"వచ్చిండ్రా సార్. జర ఆలిస్యమైంది" అన్నాడు.

పిల్లవాడు, "మందెందుకు తాపలే నాయినా?" అన్నాడు.

"ఎట్ల తాపుత బిడ్డా? కంట్రోల్ల ఉన్నయి గద. నువ్వే చెప్తివి."

"పానం మీదికి వచ్చినంక గూడనా?"

"మీ కంట్రోలోళ్లే పట్టుకొస్తరనుకున్న. కంట్రోల్ బియ్యం గూడ ఒక్కొక్క నెల ఆలిస్యమైతది, రాకుంట పోతదా? నడుమ నేను చెయ్యి పెడితె నీ సదువు కరాబైతదేమోనని ఊకున్న."

ఆయన భార్య గుడిసె గుమ్మంలో నిలబడి ఉంది. "కటికాయన వచ్చి అడిగిండు, లేచి నడిచేటివి సగం ధరకన్న అమ్ముకో అని" అంది ఎవరి వైపూ చూడకుండా. "బిళ్లలున్నయి, అమ్మొద్దు అన్నడు ఈయన. నలుగురు వచ్చి చెప్పిండ్రు. నా కొడుకు మాట ఉన్నది అన్నడు."

పిల్లవాడు తండ్రికి ఏమీ వివరించలేదు. ఒక్క మాట చెబితే తండ్రికి విషయం తెలిసిపోతుందని, తెలిస్తే తట్టుకోలేడని భయపడి ఉంటాడు. గైడ్ నోరు తెరవబోతే పిల్లవాడు అతన్ని చూసిన చూపుకు అతను ఆగిపోయాడు. ఆ పూట మేం ముగ్గురం ఒక అబద్ధంలో మాట లేకుండా కలిసిపోయాం.

బతికున్న ప్రతిదాని కంటి రెప్పా లాగి చూస్తూ పిల్లవాడు మందు తాపాడు. రెప్పల లోపల సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంది. కొన్ని వాడి చేతుల్లోనే మందు మింగలేక ఒరిగిపోయాయి. ఆ పని అయ్యాక వాడు కంపకు అవతలికి పోయి చచ్చినవాటి ముందు నిలబడ్డాడు. తరవాత కారు దగ్గరికొచ్చి తన కిట్టు తీసుకున్నాడు. ప్రోటోకాల్ ప్రకారం కంట్రోల్ గొర్రె చస్తే కడుపు కోసి పురుగుల్ని తీసి లెక్కపెట్టాలి. గైడ్ మెల్లగా, "ఇయ్యాల వద్దులే" అన్నాడు. నిజంగా అన్నాడు, నేను విన్నాను. వాడు వినిపించుకోలేదు. ఒంటిచేత్తో గొర్రెను తిప్పలేక అవస్థ పడుతుంటే తండ్రి వచ్చి కాళ్లు పట్టుకున్నాడు. కొడుకు కోశాడు. లోపల ఎర్రటి దారాల ముద్ద.

"గిది నీకు పనికొస్తదా బిడ్డా?" అని అడిగాడు తండ్రి.

"వస్తది నాయిన."

"అయితె మంచిది" అని ఇంకోదాన్ని ఇటు జరిపాడు. నేను కారులోకి పోయి కూర్చున్నాను. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్ని కప్పల్ని, ఎలుకల్ని కోయించానో నాకే తెలియదు, ఆ కోత మాత్రం చూడలేకపోయాను.

మిగిలిన కొన్నిటితో మంద నడవదు. వాటిని అమ్మేశారు. ఆ ఎండాకాలానికి తల్లీ తండ్రీ హైదరాబాదు చేరుకున్నారు, ఒక అపార్టుమెంటులో వాచ్‌మన్ గది దొరికింది. పిల్లవాడు థీసిస్ రాశాడు. మానేస్తాడనుకున్నాను, మానలేదు. మానేస్తే ఆ గొర్లు ఉత్తపుణ్యానికి చచ్చినట్టవుతుందని ఒకసారి నాతో అన్నాడు. హాస్టల్లో ఎవరి కంటి రెప్పలూ చూడడం మాత్రం మానేశాడు.

వైవా అంటే మా దగ్గర సగం పరీక్ష, సగం పెండ్లి. చుట్టాలొస్తారు, శాలువాలొస్తాయి, బిర్యానీ గిన్నెలు వస్తాయి. తండ్రి ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకుని వచ్చాడు. హాల్లో ఎక్కడ కూర్చోవాలో తెలియక వెనకే నిలబడితే నేను పిలిచి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. తెర మీద పురుగుల లెక్క గ్రాఫు పడింది. మందు తాపిన మందల గీత కింద కింద పాకుతోంది. కంట్రోల్ గీత వానాకాలం దగ్గర నిట్టనిలువుగా లేచి, అక్కడే తెగిపోయింది. పరీక్షకుడు పక్క రాష్ట్రం నుంచి వచ్చిన పెద్దమనిషి. ఇంగ్లీషులో తెగ మెచ్చుకున్నాడు. మన దేశంలో పొలాల దగ్గర చేసే పనుల్లో కంట్రోల్ ఎప్పుడూ చెడిపోతుందట, యజమాని నడుమ ఎప్పుడో దొంగచాటుగా మందు పోసేస్తాడట, ఇంత శుభ్రమైన కంట్రోల్ తాను చూడలేదట. "ఇదెట్లా సాధ్యమైంది?" అని అడిగాడు. పిల్లవాడు తలెత్తకుండా, "యజమాని మాట తప్పలేదు సార్" అన్నాడు.

తండ్రి నా వైపు వంగాడు. "మేడం, గా సారు కంట్రోల్ కంట్రోల్ అంటుండు. మన గొర్ల ముచ్చటనేనా?"

"అవును."

"ఏమంటుండు?"

"బాగా చేసిండని మెచ్చుకుంటుండు."

మళ్లీ, "ఈళ్ల భాషల కంట్రోల్ అంటె ఏంది మేడం?" అన్నాడు.

తప్పించుకోవచ్చు. తరవాత చెప్తా అనొచ్చు. కానీ ఆయన ముందే ఏదో అనుమానించి అడుగుతున్నాడని ఆయన కళ్లు చూస్తే తెలిసింది. అడిగినవాడికి చెప్పడమే జీవితమంతా నా ఉద్యోగం. చెప్పాను. "కొన్నిటికి మందు ఇస్తరు. కొన్నిటికి ఏమీ ఇయ్యకుండ విడిచిపెడుతరు, ఇయ్యకపోతే ఏమైతదో చూసేందుకు. ఆ విడిచిపెట్టినవాటిని కంట్రోల్ అంటరు."

ఆయన తెర మీది గీతను చూస్తూ కూర్చున్నాడు. "అయితె మందు తెచ్చెటోళ్లు ఎవ్వలు లేకుండె" అన్నాడు చివరికి.

"లేరు."

"ఊకెనె తొవ్వ సూసిన."

అంతలో ముందునుంచి చప్పట్లు మోగాయి. డాక్టరేట్ సిఫారసు చేస్తున్నామని చెప్పి, తండ్రిని వేదిక మీదికి పిలిచారు. ఆయన పోయాడు. శాలువా కప్పించుకున్నాడు. పరీక్షకుడికి దండం పెట్టాడు, గైడ్‌కు దండం పెట్టాడు, కొడుకు భుజం మీద చెయ్యి వేసి ఫొటో దిగాడు. సాయంత్రం బస్సెక్కబోయే ముందు నన్ను పక్కకు పిలిచి ఒక మాట కోరాడు. సరేనన్నాను.

ఆ పరిశోధన మీద రాసిన పేపరు మంచి పత్రికలోనే అచ్చయింది. మా సహోద్యోగి దాని గురించి ఎక్కడా మాట్లాడడు, యూనివర్సిటీ వెబ్‌సైట్లో తన పేజీలో కూడా పెట్టుకోలేదు. మంచివాడని అందుకే అన్నాను. పిల్లవాడు ఇప్పుడు ఒక డిగ్రీ కాలేజీలో కాంట్రాక్టు మీద పాఠాలు చెప్తున్నాడు. పర్మినెంటు పోస్టుల ప్రకటన కోసం తనతోటి వాళ్లందరిలాగే ఎదురుచూస్తున్నాడు.

ఈ మధ్య ఆ తండ్రి పోయాడు. దినాలకు నేను వాళ్ల ఊరు వెళ్లాను. దొడ్డి ఉన్న చోట ఇప్పుడు ఎవరిదో పత్తి చేను ఉంది. భోజనాలయ్యాక పిల్లవాడు, పిల్లవాడేమిటి, కణతల దగ్గర జుట్టు తెల్లబడుతున్న మనిషి, నా పక్కన వచ్చి కూర్చున్నాడు. చాలాసేపు వాళ్ల నాయిన ముచ్చట్లు చెప్పాడు. అపార్టుమెంటు వాళ్ల కుక్కకు కూడా కంటి రెప్ప లాగి చూసేవాడట. తరవాత గొంతు తగ్గించి అన్నాడు.

"ఒక్కటి నయం మేడం. కంట్రోల్ అంటె ఏందో ఆయనకు తెల్వకనె పోయిండు. చెప్పనీకి నాకు నోరు రాలే. నా పరిశోధనకు ఆసరైతి అనుకుంటనె పోయిండు."

వాడి మనసుకు అది ఎంత ఆసరాగా ఉందో నాకు కనబడుతూనే ఉంది. ఊ కొట్టి లేచి రావచ్చు. కానీ ఆ మనిషిని ఏమీ తెలియని అమాయకుడిలాగా సాగనంపడం నాకు సహించలేదు. అన్నీ తెలిసి, ఆ తెలిసినదాన్ని మూటకట్టుకుని ఇన్నేళ్లు గేటు దగ్గర కూర్చున్నవాడు ఆయన.

"ఆయనకు తెలుసు" అన్నాను. "నీ వైవా రోజు అడిగిండు. నేనే చెప్పిన."

పందిట్లో ఎవరో వాణ్ని పిలిచారు, పలకలేదు.

"మరి నాతోని ఒక్కనాడు గూడ అనలేదు మేడం" అన్నాడు. "మీతోని ఏమన్నడు?"

"నీకు చెప్పొద్దన్నడు."